తిరుగు కవరు జతపరచడమైనది

తెలుగు పత్రికల సంపాదకులకు బహిరంగ లేఖ

విజయనగరము,
ఆషాఢ శుద్ధ దశమి.

సంపాదక మహాశయులారా,

యాబదియేండ్లకు పైగా తమ కార్యాలయములకు కథలు పంపుచు, అచ్చయినవానికి సంతసించియు, తిరిగివచ్చినవానికి రెండు మూడు దినములు అన్నము సహింపక తిరిగియు, ఏ సందర్భమునందును తమతో వాదమునకు దిగి యెరుగని సాధుజీవిని నేను. అట్టివాడను ఈ వయస్సున, ఒక్కరికి గాక మీ యందరికిని కలిపి ఉత్తరము వ్రాయుటకు గల కారణమును మొదటనే మనవి చేసికొందును. మొన్నటి మాఘమాసమున ఒక పత్రికకు కథ పంపగా, అది చేరినదని క్షణములో సమాధానము వచ్చినది. అంత వేగముగా వచ్చినదనగా అది మనిషి వ్రాసినది కాదని నాకును తెలిసినది. దాని క్రింద ఒక నియమము: మూడు నెలలలో కబురు రానిచో రచన ఎన్నిక కాలేదని భావింపవలెను, ఈ విషయమై ఉత్తరప్రత్యుత్తరములకు తావు లేదు. మాఘము పోయినది, వైశాఖము వచ్చినది, కబురు రాలేదు. నియమము ననుసరించి నేను భావించితిని.

భావించుట నాకు కొత్త గాదు. లేని మనుష్యులను ఉన్నట్లును, జరుగని పెండ్లిళ్ళను జరిగినట్లును భావించియే జన్మమంతయు ప్రొద్దు పుచ్చితిని (పొట్ట మాత్రము బడిపంతులుద్యోగము పోసినది). కనుక ఈ విషయమునను తగిన శ్రద్ధతోనే భావించితిని. తమ ఉపసంపాదకులెవరో మొదటి పుట చదివి ఆవులించినట్లు భావించితిని. కడవరకు చదివి, కథ బాగున్నదిగాని ఈ ముసలివాని భాష మన పాఠకుల కెక్కదని ప్రక్కన బెట్టినట్లు భావించితిని. అసలెవరును తెరువనే లేదని భావించితిని. మూడును సంభవములే, కాని మూడింటికిని నేను చేయవలసిన పని వేరు. మొదటిదైనచో మొదటి పుట మార్చవలెను, రెండవదైనచో పత్రిక మార్చవలెను, మూడవదైనచో ఏమియు మార్చనక్కరలేదు. ఏది నిజమో తెలియక, ఆ కథను బల్లమీద పరచుకొని, శవమునకు రోగనిర్ణయము చేయువైద్యునివలె ఇప్పటికిని చూచుచునే యున్నాను.

తిరస్కరించినారని నాకు అక్కసు గాదు. తిరస్కారములు నా పెట్టెలో కట్టలుగా నున్నవి. అవి లేనిచో నాకు ఈపాటి వ్రాతయు వచ్చియుండెడిది గాదు. ఇది తమకు బోధపడవలెనన్న, రచయిత యనువాడు ఉదయము లేచి యేమి చేయునో కొంచెము చెప్పవలసియున్నది. ఇది తమకు తెలియనిది గాదు, మీలో పలువురు రచయితలే. ఐనను కార్యాలయపు కుర్చీలో కూర్చున్న కొన్నాళ్ళకు ఇంటిబల్ల మరపునకు వచ్చుట సహజము.

నేను నాలుగు గంటలకు లేతును. పాలవాడు వచ్చులోపల రెండు గంటల కాలము నాది. ఆ తరువాతి దినమంతయు ఇంటిది. అరఠావు కాగితమును నాలుగవ వంతు మడతపెట్టి, ఆ మడతయే మార్జినుగా, ఒకవైపు మాత్రమే వ్రాయుట 1971 నుండి అలవాటు; అచ్చుకూర్చువారికి వీలుగా నుండునని ఆనాడు పత్రికలవారే నేర్పినారు. నేడు కూర్చువారు లేరు, కేసులు లేవు, సీసపుటక్షరములు లేవు; గంటస్తంభము దగ్గరి దుకాణమున ఒక కుర్రవాడు నా కాగితములను చూచి టైపు చేసిపెట్టును. ఐనను మడత మానలేదు. చేతిలో రాజమహేంద్రవరపు రత్నము కలము. పాళీ అరిగి నా చేతివాటమునకు ఒదిగినది, మరియొకరు వ్రాయబోయిన గీరుకొనును.

ఆ రెండు గంటలలో ఎంత వ్రాయుదునని అడుగుదురేమో. ఒక ఉదయపు లెక్క చెప్పెదను. కథలో ఒక కోడలు, అత్తవారింట గొడవ జరిగిన రాత్రి, తన గదిలోనికి పోయి తలుపు వేయవలెను. మొదట ఇట్లు వ్రాసితిని: ‘ఆమె మెల్లగా, బరువైన మనసుతో, ఎవరి వంకా చూడకుండా తలుపు గడియ వేసింది.’ చదువుకొంటిని. మెల్లగా నన్నది ఆమె చేసిన పని గాదు, నేను చూపిన జాలి. కొట్టివేసితిని. బరువైన మనసు తూకపురాయివలె తోచినది, అదియు పోయినది. ఎవరి వంకనో చూడకుండుట మిగిలినది. చూడలేదని చెప్పుటకు చూడవలసినవారిని అక్కడ నిలుపవలెను, వారిని నిలుపుటకు మరి రెండు వాక్యములు కావలెను. అదియు పోయినది. చివరకు ‘ఆమె గడియ వేసింది’ అని మిగిలినది. అది కోడలి మాటవలె గాక కాపలావాని మాటవలె నున్నది. వీధిలో పాల సైకిలు గంట వినబడు వేళకు తట్టినది: ‘ఆమె గడియ వేసుకుంది.’ తెలుగువానికి తాతలిచ్చిన ఆ చిన్న ‘కొను’ ధాతువులో, మూడు విశేషణములతో నేను మోయింపబోయిన బరువంతయు నున్నది. వేసినది తలుపునకు, వేసికొన్నది తనకు. రెండు గంటలకు నా ఆర్జన ఆ రెండక్షరములు.

పిదప ఇల్లు మేలుకొనును. ‘ఖాళీగానే ఉన్నారు గదా, నాలుగు రెబ్బలు కరివేపాకు పట్టుకురండి’ అని వంటింటి నుండి ఆజ్ఞ వచ్చును. భక్తుడైన పోతన గజేంద్రమోక్షణ ఘట్టమున పద్యము నడుమ నిలిచిపోయి వెలికి పోగా, ఆయన మరలివచ్చుసరికి శ్రీరాముడే దానిని పూరించిపోయెనని పెద్దలు చెప్పుదురు. నేనును కరివేపాకు తెచ్చి వచ్చినపుడెల్ల కాగితము వంక ఆశతో చూచుట కద్దు. ఇంతవరకు నా వాక్యమును పూరించిపోయినవారు లేరు. ఒక్కమారు మాత్రము మా మనుమరాలు దానిమీద ఏనుగు బొమ్మ వేసిపోయినది. గజేంద్రుడైనను వచ్చెనుగదా యని సంతోషించితిని.

తక్కిన దినము చెవులతో పని. మూడు లాంతర్ల కూడలి యొద్దనో, కూరగాయల బజారునందో, సంచి చేత బట్టి నిలిచిన ముసలివాని నెవరును గమనింపరు. అది మా వృత్తికి గొప్ప వసతి. ఒకనాడు అక్కచెల్లెండ్రిరువురు అప్పువిషయమై తగవుపడుచు, చిన్నది, ‘డబ్బులు నాకొద్దు, నా మాట నాకు తిరిగిచ్చీ’ అన్నది. ఆ మాటను కూరల చీటీ వెనుక వ్రాసికొంటిని. అది తొమ్మిదేండ్లు డ్రాయరులో పడియుండి, ఒక కథకు ఆఖరి మాట యైనది. ఈ తొమ్మిదేండ్లను ఏ పద్దు క్రింద వ్రాయవలెనో నాకు తెలియదు.

తాము విధించు పదముల లెక్కను గూర్చి ఒక మాట. వేయి పదములకు మించరాదని నియమము పెట్టినపుడెల్ల నాకు లోలోన నవ్వు వచ్చును. ‘వచ్చినాడు అనుకొని ఉండవచ్చును అని’ విడివిడిగా వ్రాసిన నాలుగు పదములు. మా గురువులు చెప్పినట్లు సంధులు కలిపి ‘వచ్చినాడనుకొనియుండవచ్చునని’ వ్రాసిన ఒక్కటే. చిన్నయసూరి దయవలన పన్నెండువందల పదముల కథను ఒక్క అక్షరమైనను కొట్టివేయకుండ వేయింటికి దింపి పంపిన పాపము నేను చేసియున్నాను. అది తగ్గించుట గాదని నాకును తెలియును. కాని ఎవరును పట్టుకొనలేదు. పట్టుకొనకుండుటయే నేటి నా ఫిర్యాదు.

ఒకప్పుడు పట్టుకొనెడివారు.

1971 సంవత్సరమున, నాకిరువదిరెండేండ్ల ప్రాయమున, బెజవాడనుండి వెలువడెడి ఒక మాసపత్రికకు నేనొక కథ పంపితిని. తొలి ఏకాదశినాడు పట్టణమునుండి మనుమడు ఊరికి వచ్చును. ఇంట ఒంటరిగా నున్న బామ్మ వానిని చూచి, తన కొరకు కలుపుకొన్న ఆవకాయ అన్నములో మొదటి ముద్ద వాని చేతిలో పెట్టును. ఆ ముద్దయే కథకు ప్రాణమని నా నమ్మకము. ఎర్రని నూనె ఆమె ముడుతల వ్రేళ్ళ సందులలోనికి దిగుటను అరపుట వర్ణించి, నా వర్ణనకు నేనే కన్నులు తుడుచుకొంటిని. మూడు వారములకు కథ తిరిగివచ్చినది. మార్జినులో నీలి పెన్సిలుతో మూడు వాక్యములు: ‘2వ పుటలో తొలి ఏకాదశి. 5వ పుటలో బామ్మగారు అన్నము కలుపుకొన్నారు. వారిని అడిగి వ్రాయుడు.’

నాకు మొదట కోపము, వెంటనే సిగ్గు కలిగినవి. ఏకాదశులన్నిట ఉపవసించు వితంతువు నాకు పుస్తకములలోని మనిషి గాదు; మా యింట మేము బామ్మ యని పిలిచెడి ఆమెయే. నా కండ్ల యెదుట ఏండ్ల తరబడి ఆమె తినకుండుట చూచి, తినినట్లు వ్రాసితిని. ఆవకాయ రంగు నా కన్ను కప్పినది. సరే, అడిగి వ్రాయుమన్నారు గనుక అడుగబోయితిని. అప్పటికామెకు డెబ్బదియెనిమిదేండ్లు. కథ చదివి వినిపించితిని. ముద్ద దగ్గరకు వచ్చుసరికి, ‘ఏకాదశి నాడు అన్నమా! ఎవడ్రా రాశాడు అలాగ?’ అన్నది. నేనే నంటిని. ‘నీకు రాత వొచ్చుననుకున్నాను’ అన్నది.

కొంతసేపు ఊరకుండి, అడుగకుండగనే చెప్పసాగినది. పదకొండవ యేట ఆమెకు భర్త పోయినాడు. ఆయన ముఖము ఆమెకు జ్ఞాపకము లేదు. పుట్టినింట తొలిసారి ఏకాదశి ఉపవాసముంచినారు. పగలెట్లో గడచినది, రాత్రి వంటింటి గడప ప్రక్కన పడుకొని, ద్వాదశి యెప్పుడు వచ్చునని తండ్రిని మాటిమాటికి అడిగినదట. ఆయన పంచాంగము చెప్పి జీవించు మనిషి; తిథి వార నక్షత్రములలో ఆయన మాటకు నాలుగూళ్ళలో తిరుగులేదు. తెల్లవారుజామున ఆయనే వచ్చి లేపి, ‘ద్వాదశి వచ్చేసిందమ్మా, లే, స్నానం చెయ్యి’ అన్నాడు. అన్నము తిన్నది. చాల యేండ్ల పిమ్మట, తండ్రి పోయిన తరువాత, భోషాణములో ఆ సంవత్సరపు పంచాంగము దొరుకగా, తనంతట తాను లెక్క చూచుకొన్నది: ఆ వేళకు ఏకాదశి యింకను నాలుగు ఘడియలున్నది. ‘మా నాన్న పంచాంగం తప్పు చెప్పింది ఆ ఒక్క పొద్దునేరా’ అని, కథ కాగితములు నా చేతికిచ్చి లోనికి పోయినది.

నాలుగు ఘడియలనగా తొంబదియారు నిమిషములు. ఆవకాయ ముద్దను కొట్టివేసి, ఆ తొంబదియారు నిమిషములను వ్రాసితిని. ఆ పత్రికయే దానిని ప్రకటించినది. నా కథలలో నేటికిని ఎవరైన తలచుకొనుచున్నది ఏదైన నున్నచో అదియే. దానిని నేను వ్రాసితినని చెప్పుకొందునుగాని, నీలి పెన్సిలు గల ఆ చేయి దానిని అడుగకపోయినచో అది మా బామ్మతో బాటే పోయియుండెడిది. ఆ సంపాదకుని నేనెన్నడును చూడలేదు. ఆయన సంతకములో పొడియక్షరము తప్ప పేరైనను చదువుటకు వీలు గాకుండెను.

సంపాదకుడు కథకు తోడుండుట మన భాషలో కొత్త ఆచారము గాదు. భారతాంధ్రీకరణమునకు పూనుకొన్న నన్నయభట్టు, తన పనిలో తోడునిలిచిన నారాయణభట్టును గ్రంథారంభముననే తలచి, యుద్ధమున అర్జునునకు శ్రీకృష్ణుడెట్లో తన కాతడట్లని చెప్పికొన్నాడు. మన తొలి కావ్యపు గడపలోనే సహాయకునకు పీట వేసియున్నది. సారథి బాణము వేయడు. ఐనను రథమును ఏ వైపు త్రిప్పవలెనో ఆయనకు తెలియును. అంతకు మించి నేను తమ నడుగుచున్నది లేదు.

మా యూరివారు గురజాడ అప్పారావుగారి విషయము చూడుడు. వారి ఇల్లు నేటికిని మా యూర నిలిచియున్నది. దాని ముందునుండి నడచిపోవునపుడెల్ల నాకు ‘కన్యాశుల్కము’ కన్న దాని రెండు కూర్పుల నడిమి కాలమే ఎక్కువగ స్ఫురించును. 1892లో ఇక్కడ ప్రదర్శింపబడి మెప్పు పొందిన నాటకము, 1897లో అచ్చయినది. మెప్పు పొందిన రచనను మూసిపెట్టుకొని హాయిగా నుండవచ్చును. ఆయన ఉండలేదు. 1909లో వచ్చిన కూర్పు మొదటి దానికి దిద్దుబాటనుటకన్న మరియొక నాటకమనుట న్యాయము. అంతగా పెరిగినది, మధురవాణి అందులో అంత మనిషి యైనది. మరుసటి సంవత్సరమే ‘ఆంధ్రభారతి’లో అచ్చయిన ఆయన కథకు ‘దిద్దుబాటు’ అని పేరు పడుట కాకతాళీయమే యైయుండును. ఐనను దిద్దుటయందు అంతటి దీక్ష గలవానికి ఆ పేరు తట్టుట నాకు ముచ్చట గొలుపును. మరియొక విశేషము. ఆ నాటకము వెనుక ఊహ మాత్రమే గాదు, ఒక జాబితా యున్నది. విశాఖపట్టణ తీరమున మూడేండ్లలో బ్రాహ్మణ కుటుంబములలో జరిగిన శుల్కవివాహములను ఆనందగజపతి మహారాజు లెక్క వ్రాయింపగా, అవి 1034 వరకు తేలినట్లు అప్పారావుగారే తమ పీఠికలో చెప్పినారు. గిరీశము నోట అన్ని కోతలు కోయించిన మహాకవి, ఎదుట లెక్క పెట్టుకొని మరీ కోయించినాడు. నేను ఇంటిలో నున్న బామ్మను అడుగకయే ఆవకాయ కలిపించితిని.

దిద్దుట యనగానే, ఎట్లు దిద్దినను సరియే యని నా యభిప్రాయమని తలపకుడు. మా ప్రాంతమున ఆడపిల్లను గుంట యందురు, ముద్దుగనే యందురు. కొన్నేండ్ల క్రిందట ఒక పత్రికకు పంపిన కథలో ‘నూతి గట్టుమీద గుంట కూకుని ఏడుస్తంది’ అని ఒక పాత్ర చేత అనిపించితిని. అచ్చయిన ప్రతిలో, ‘నూతి గట్టుమీద గొయ్యి కూర్చుని ఏడుస్తోంది’ అని యున్నది. ఎవరో శ్రద్ధాళువు, గుంట అనగా గొయ్యి యని నిఘంటువు చూచి మరీ శుద్ధి చేసినాడు. గొయ్యి గట్టెక్కి కూర్చుండునా యని మాత్రము అతనికి సందేహము రాలేదు. కథ పొడుగున ఆ గొయ్యికి జడ వేసినారు, బడికి పంపినారు, ఆఖరున అత్తవారింటికి సాగనంపినారు. నేను నాలుగు దినములు వీధిలోనికి పోలేదు. ఐదవ దినమున ఒక విమర్శక మిత్రుడు ఫోను చేసి, ఇది మాంత్రిక వాస్తవికతయనియు, ఈ వయస్సున ఇట్టి ప్రయోగమునకు సాహసించినందులకు అభినందనీయుడననియు పలికినాడు. కాదని చెప్పుటకు నోరు రాలేదు. ఇప్పటికిని ఆయన వ్యాసమొకదానిలో ఆ గొయ్యి చిరంజీవిగా నున్నది.

ఐనను, ఒట్టు పెట్టి చెప్పుచున్నాను, నాకా గొయ్యి మీద నేడు కోపము లేదు. ఎవరో నా వాక్యము దగ్గర ఆగినాడు. తప్పుగా ఆగినాడు; ఒక కార్డు ముక్కతో నన్నడిగియుండవచ్చును; అడుగలేదు. కాని ఆగినాడు. మాఘమాసపు నిశ్శబ్దముతో పోల్చిన ఆ తప్పులో ఒక మనిషి కనబడుచున్నాడు.

తమ కష్టములు నాకు తెలియనివి కావు. 2020లో మహమ్మారి వచ్చినపుడు ముద్రణ నిలిపిన పత్రికలలో ఎన్ని మరల అచ్చునకు రాలేదో మీరెరుగుదురు. ఉన్నవానిలో, ఒకప్పుడు నలుగురు కూర్చున్న గదిలో నేడొకడు కూర్చుండి, ఆదివారపు అనుబంధము, ఆధ్యాత్మికము, వంటలు, వారఫలము తానే చూచుకొనుచున్నాడు. కాగితమునకు, అరఠావునకు, తపాలా బిళ్ళకు ఖర్చు లేదు గనుక, వేలితో మీట నొక్కిన చాలును గనుక, కథలు కుప్పలుగా వచ్చి పడుచున్నవి. పంపినవారిలో పలువురు తమ కథను తామే రెండవమారు చదువలేదని మొదటి పేరాలోనే తెలిసిపోవును. అన్నిటికిని సమాధానమిమ్మనుట అన్యాయము. పోటీ ప్రకటించిన మాసమున మరియు అన్యాయము. అది నేనడుగను.

కాని సంపాదకత్వమున తీరిక యెప్పుడున్నది? సురవరము ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రిక నడిపినది తీరికగల రోజులలో గాదు. తెలంగాణమున కవులు లేరని ఎవరో యనగా, ఆయన సంపాదకీయము వ్రాసి ఊరకుండక, 354 మంది కవుల రచనలతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించినారు. అన్ని గ్రామములనుండి అందరి పద్యములను రాబట్టుటకు ఎన్ని ఉత్తరములు నడచియుండునో లెక్క వేసికొనుడు. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 మొదలు 1980లో కన్నుమూయువరకు చందమామలో పనిచేయుచు, ఎక్కడెక్కడినుండియో వచ్చిన కథలను పిల్లలకు సులువుగా నుండునట్లు తిరుగవ్రాసి, పంపినవారి పేరుననే ప్రకటించెడివారు. తాను మహారచయిత యయ్యును, ఇతరుల వాక్యములలో తన పేరు లేకుండ ఇరువదియెనిమిదేండ్లు కూర్చుండుట యెట్టిదో, నా వంటి చిల్లర కథకునకు ఊహించుటయే కష్టము.

తాము చదువకున్న నేమి, నేడు చదువువారు చేతిలోనే యున్నారుగదా యని కొందరు చిన్నవారు నన్ను సముదాయింతురు. నిజమే. మా మనుమరాలి సహాయమున ఆ మాఘమాసపు కథను వాట్సాప్ బృందమొకదానిలో పెట్టితిని. పది నిమిషములలో ఇరువదిమూడు బొటనవ్రేళ్ళు వచ్చినవి. పదునాలుగు పుటల కథ, పది నిమిషములు. ద్రోణుడు ఒక్క బొటనవ్రేలు అడిగి పుచ్చుకొన్నందులకే నేటికిని నింద పడుచున్నాడు. నాకు అడుగకయే ఇరువదిమూడు దక్కినవి, వానితో నేమి చేయవలెనో తెలియక తికమకపడుచున్నాను. ఆ సజ్జనుల మనసు నొప్పించుట నా యుద్దేశము గాదు. వారిలో ఒక్కరైనను, ‘ఏమండీ, 2వ పుటలో ఏకాదశి గదా’ అని యడిగినచో, వారి ఇంటికి అరటిపండ్లు పట్టుకొని పోయియుందును.

నా కోరిక యిది. చదివినవానిలో, అచ్చునకు పనికిరాదుగాని ఎవడో కూర్చుండి వ్రాసినాడని తమకు తోచిన కథలు నెలకు నాలుగైదుండును. వానికి మాత్రము ఒక్క వాక్యము. మెచ్చుకోలు వలదు, ఎన్ని మెచ్చుకోళ్ళైనను వాక్యమును మార్చవు. సలహా గూడ వలదు. ఎక్కడ ఆగినారో అది చాలును: ‘4వ పుట దగ్గర నిద్ర వచ్చినది’, ‘తండ్రి పాత్ర మాకు కనబడలేదు’, ‘ఆ రోజులలో ఆ రైలు లేదు’. తమ కొక నిమిషము పట్టును. దానితో ఒకడు ఒక మాసము బ్రతుకును. ఎవరైన తిరుగబడి వాదించి విసిగింతురని తమ భయము; ఉండును, మావారిలో అట్టివారు లేకపోలేదు. వారికి రెండవమారు వ్రాయకుడు.

రేపు తొలి ఏకాదశి. ఇంటిలో ఇప్పుడెవరును కటిక ఉపవాసముండరు. మధ్యాహ్నమునకు పిండివంటయే చేయుదురు. నేను మాత్రము ఉదయము పంచాంగము తీసి ఘడియలు చూచుకొందును, అలవాటు. ఆ తరువాత మాఘమాసపు కథను మరల ముందు వేసికొందును. మూడవ పుటలో ఏదో యున్నదని నాకొక అనుమానము.

ఈ లేఖతో బాటు సొంత చిరునామా వ్రాసి, తగిన తపాలా బిళ్ళలంటించిన కవరు జతపరచడమైనది. ఆచారము ప్రకారము హామీపత్రము గూడ వ్రాయబోయితిని. ఇది నా స్వంత రచనయే, అనువాదము గాదు, అనుకరణ గాదు. అంతవరకు ధైర్యముగా సంతకము చేయగలను. మరి యే యితర పత్రిక పరిశీలనలోను ఇది లేదని మాత్రము వ్రాయుటకు వీలు గాలేదు. మీ యందరికిని ఒక్కమారే పంపితిని.

ఇట్లు,
ఒక కథకుడు